వాగు ఎండినా లెక్కల ‘సాధారణమే’ — ఎవరి సాధారణం ఇది?

పోస్టు పొడుగున్నది. మోటరు ఏసి గట్టు మీద కూసున్నప్పుడు చదవండి, లేకుంటే రాత్రి అన్నం తిన్నంక చదవండి. కానీ నారు పోయకముందే చదవండి. ఎందుకంటే ఈ ముచ్చట నారుమడితోటే ఉన్నది.

మొన్న కోరుట్లల హోటల్ కాడ చాయ్ తాగుతుంటే పక్క టేబుల్ మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నరు. ‘శ్రీరాంసాగర్ నిండింది, నీళ్లు సగటు కంటె ఎక్కువున్నయట, ఇగ యాసంగికి భయం లేదు, ఉన్నదంత వరే పెడదాం’ అని. నాకు చాయ్ గొంతు దిగలే. ఇదే మాట 2023ల నేను కూడ అన్న. ఇదే హోటల్ల అన్న.

నాది కథలాపూర్ మండలం దిక్కు. నాలుగెకరాలు సొంతం, ఇంకో రెండెకరాలు కౌలు. 2024 మార్చిల ఆ కౌలు రెండెకరాల వరి పొట్టకొచ్చి ఎండింది. బోరు ముందుగాల గంట పోసింది, తర్వాత అరగంట, తర్వాత గాలి. ఇగ చేసేదేం లేక గొర్ల మందను తోలిన. గొర్లాయన పైసలు ఇస్తనంటే తీసుకోబుద్ధి కాలే. కౌలు మాత్రం పూర్తిగ కట్టిన, అది ఆగదు కద.

తర్వాత ఒక ఆఫీసుకు పోయిన. ఏ ఆఫీసో చెప్ప, ఆ సారు మంచోడే, కూసోబెట్టి మాట్లాడిండు. కంప్యూటర్ నా దిక్కు తిప్పి చూపెట్టిండు. ‘చూడన్నా, మీ మండలంల వానాకాలం వాన సాధారణం. సాధారణం అని ఉన్నకాడ నేను కరువు అని ఎట్ల రాయాలె?’ అన్నడు. నా దగ్గర జవాబు లేకుండె. ఇప్పుడున్నది. అదే రాస్తున్న.

‘సాధారణం’ అంటే ఏంది? వాతావరణ శాఖోళ్లు ఏండ్లకేండ్ల వాన లెక్క తీసి సగటు కడతరు. ఈ యేడు పడ్డ వాన ఆ సగటుకు 19 శాతం తక్కువ దాకా ఉన్నా, 19 శాతం ఎక్కువ దాకా ఉన్నా ‘సాధారణం’ అనే రాస్తరు. 20 నుంచి 59 శాతం తక్కువైతేనే ‘లోటు’. అది కూడ జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగు నెలలు ఒక్క కుప్ప పోసి.

ఇగ 2023 యాదికి తెచ్చుకోండి. జూన్ల మబ్బు లేదు. మృగశిర పోయింది, దుక్కి దున్ని మొగులు దిక్కు చూసినం. జులై ఆఖరు వారంల ఒక్కసారే మీద పడ్డది. మనకు పక్కనే ఉన్న వేల్పూరుల ఒక్క రోజుల 46 సెంటీమీటర్లు పడ్డది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల దగ్గర దగ్గర 65 సెంటీమీటర్లు. కట్టలు తెగినయి, పొలాలల్ల ఇసుక మేట వేసింది. ఆ తర్వాత ఆగస్టు? దేశం మొత్తం మీద 1901 నుంచి లెక్కలున్నయి, అన్ని ఆగస్టులల్ల అంత ఎండిన ఆగస్టు లేదు. మఖ కార్తెల పడవలసిన వాన పడలే. అయితే ఏమైంది? జులై వానను, ఆగస్టు ఎండను కలిపి సగటు తీసిండ్రు. రాష్ట్రం లోటుల పడలే. కాగితం మీద మంచి కాలమే.

ఒక ఎద్దు గుంజి, ఒక ఎద్దు సాళ్లనే పంటె, సగటున అరక నడిచినట్టా చెప్పండి!

ఆ జులై వాన మన భూమిల ఇంకలే. వాగుల వడి, మానేరుల వడి, గోదాట్ల వడి సముద్రానికి పోయింది. భూమిల ఇంకేది మెల్లగ పడే ఆగస్టు, సెప్టెంబర్ వాన. అదే యాసంగికి బోర్లల్ల దొరికేది. దానికితోడు అదే 2023 అక్టోబర్ 21 నాడు మేడిగడ్డ పిల్లర్లు కుంగినయి, అక్కడి నుంచి ఎత్తిపోసుడు ఆగింది. ఎల్లంపల్లి నుంచి మిడ్ మానేరుకు ఎత్తొచ్చు, ఎత్తుతున్నరు కూడ, కానీ ఎల్లంపల్లి మొత్తం పట్టేదే 20 టీఎంసీలు. దాని మీద ఎంతమంది ఉన్నరో మీకెరుకే. మిడ్ మానేరు ఒక్కటే 27 టీఎంసీల పైన పట్టే డ్యాం. సిరిసిల్ల దిక్కు మా అక్కోళ్ల ఊరు కోనరావుపేట మండలంల మూలవాగు పక్కనే. ఆ యేడు మార్చిల పోతే వాగుల పిల్లగాండ్లు క్రికెట్ ఆడుతున్నరు. బావ ఒక్క మాటన్నడు: ‘బామ్మర్ది, పేపర్ల మా జిల్లాకు భూగర్భ జలాలు పెరిగినయని రాసిండ్రు, ఆ పేపరే పొలంల పెడుదామనుకుంటున్న’.

బావ మాటల ఎటకారం ఉన్నది గాని, పేపరోళ్లు అబద్ధం రాయలే. కాళేశ్వరం నీళ్లు వచ్చిన కొత్తల సిరిసిల్ల జిల్లాల భూగర్భ జలం ఆరు మీటర్లు పైకొచ్చిందని రాసిండ్రు, ముస్సోరిల ఐఏఎస్ ట్రైనింగ్ అయ్యేటోళ్లకు పాఠంగ పెట్టిండ్రని కూడ రాసిండ్రు. పెరిగింది, నేను చూసిన. బావ వాళ్ల పాత బాయిల నీళ్లు చేతికందినయి. కానీ అది వాన నీళ్లా, వాగు నీళ్లా, మోటర్లు ఎత్తిపోసిన నీళ్లా అని ఎవ్వలు విడదీసి చెప్పలే. మోటర్లు ఆగితే ఎంత మిగులతదో ఎవ్వలు చెప్పలే. చెప్పలేదు కాబట్టి మనం ఏం చేసినం? చెలకలు కూడ మడులు చేసినం. మక్క పోయింది, పసుపు తగ్గింది, అంత వరే. ఇందుల మన తప్పు లేదని నేననను. నేను కూడ ఆ కౌలు రెండెకరాలు పట్టింది ఆ ధైర్యంతోనే.

ఇక్కడ ఒక్క నిమిషం. కింద కామెంట్లల్ల ఒక పార్టీ, ఇంకో పార్టీ కొట్టుకోకండి. ప్రాజెక్టు కట్టినోళ్లను తిట్టేటోళ్లు వేరే పోస్టు పెట్టుకోండి, ఆపినోళ్లను తిట్టేటోళ్లు ఇంకో పోస్టు పెట్టుకోండి. ఎవ్వలున్నా గాని వాగు లెక్క మాత్రం ఎవ్వలు రాయలే, నా కొట్లాట గది.

ఢిల్లీల కేంద్ర జల సంఘం ఉన్నది. వారం వారం దేశంల పెద్ద డ్యాములల్ల ఎన్ని నీళ్లున్నయో బులెటిన్ ఇస్తది. మన శ్రీరాంసాగర్, లోయర్ మానేరు అందుల ఉంటయి. పోయినేడు ఇదే రోజు ఎంత, పదేండ్ల సగటు ఎంత అని పక్కపక్కన పెడతరు. మంచిదే. కానీ ఆ పదేండ్ల సగటుల ఏమున్నదో చూడండి. 2019 ఆగస్టు నుంచి గోదావరి నీళ్లు ఎత్తి మానేరుల పోసినం. అంటే లోయర్ మానేరు సగటుల కొన్నేండ్లు ఎత్తిన నీళ్లున్నయి, కొన్నేండ్లు లేవు. కాలువల వచ్చినయి, వాగుల వచ్చినయి, అన్ని ఒక్క గంగాళంల. అది మానేరు సగటు ఎట్లయితది? కరెంటు మోటర్ల సగటు అది!

శ్రీరాంసాగర్ సంగతి ఇంక ఇచ్చంత్రం. 1963 జులై 26న నెహ్రూ పునాదిరాయి వేసిండు, తర్వాత కట్టింది 112 టీఎంసీలకు. మట్టి నిండుకుంట వచ్చి సర్వే చేస్తే 90కి వచ్చింది, మళ్ల సర్వే చేస్తే 80న్నరకు వచ్చింది. నీటిమట్టం మాత్రం అప్పుడు ఇప్పుడు అదే 1091 అడుగులు. పేపర్ల ‘నిండుకుండ’ అని ఫోటో వస్తది. నిండింది నిజమే, కానీ కుండ చిన్నగయింది. 31 టీఎంసీలు పోయినయి. మనం బాబ్లీ, బాబ్లీ అని ఎంత లొల్లి పెట్టినం! బాబ్లీ బ్యారేజీ పట్టేది 2.74 టీఎంసీలు. 2013ల సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, జులై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తి పెట్టాలె అని. ఆ కొట్లాట అవసరమే, కాదంటలేను. కానీ మన డ్యాంల మట్టి మింగినవి పదకొండు బాబ్లీలు. దాని మీద ఎన్ని ధర్నాలు చేసినం? ఒక్కటి చెప్పండి.

పాత ఇంజనీర్లు సగటు మీద ప్రాజెక్టు కట్టలే, ఇది మంచిగ గుర్తు పెట్టుకోండి. వాళ్ల లెక్క ‘75 శాతం నమ్మకం’. అంటే నాలుగేండ్లల్ల మూడేండ్లు కనీసం ఎన్ని నీళ్లు వస్తయో చూసి, అన్నిటికే ఆయకట్టు పెడుదురు. ఎందుకు? సగటును ఒక్క పెద్ద వరద పాడు చేస్తది కాబట్టి. ఊరికే ఉదాహరణ చెప్త, నిజం లెక్క కాదు. ఒక వాగుల డిసెంబర్ నెలల ఐదేండ్లు పారింది ఇట్ల అనుకోండి: సున్న, సున్న, 2 క్యూసెక్కులు, 3 క్యూసెక్కులు, 45 క్యూసెక్కులు. సగటు 10. కానీ ఐదేండ్లను వరుసల నిలబెడితే నడిమిది 2. నువ్వు 10ని నమ్మి నాటు వేస్తివి అనుకో, ఐదేండ్లల్ల నాలుగేండ్లు ఎండబెట్టుకుంటవు. ప్రాజెక్టు కట్టెటప్పుడు వాడని సగటును, రైతుకు ధైర్యం చెప్పేటప్పుడు, కరువు లేదు అని చెప్పేటప్పుడు ఎందుకు వాడుతున్నరు? దీనికి జవాబు కావాలె నాకు.

2015, 2016 మర్చిపోయిండ్రా? 2015 నవంబర్ల రాష్ట్రంల 231 మండలాలు కరువు అని ప్రకటించిండ్రు, అప్పటి ఉమ్మడి కరీంనగర్ జిల్లాల 19. ఆ డిసెంబర్లనే ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డది, చెరుకు రైతుకు రెండు దిక్కుల దెబ్బ. 2016 ఎండాకాలం మనకు పైన లాతూరుకు రైల్ల నీళ్లు తెచ్చిండ్రు. లాతూరు మంజీర దిక్కు ఊరు. ఆ మంజీర కందకుర్తి కాడ గోదాట్ల కలుస్తది, అక్కడి నుంచి శ్రీరాంసాగర్‌కు వస్తది. లాతూరుకు ఏప్రిల్ల రైలు వచ్చిందంటే, మనకు జులైల ఏమొస్తదో అర్థం కావాలె కద. పైన గొంతు ఎండితే కింద నోరు ఎట్ల తడుస్తది? మళ్ల అదే 2016 సెప్టెంబర్ల ఒక్కటే వాన. శ్రీరాంసాగర్ గేట్లెత్తిండ్రు, కడుతున్న మిడ్ మానేరు కట్టకు గండి పడి ఊర్లు ఖాళీ చేయించిండ్రు. ఇప్పుడు 2016 మొత్తం సగటు తీయండి. భేషుగ్గ వస్తది! ఆ ఎండాకాలం అమ్ముకున్న ఎడ్లు సగటుల కనపడయి.

2025 ఆగస్టుల కూడ చూసినం. కామారెడ్డి దిక్కు వాన దంచితే పాల్వంచ వాగు, కూడెల్లి వాగు ఒక్కటై నర్మాల ఎగువ మానేరు మీద పడ్డయి. వాగవతలికి పోయిన రైతులు చిక్కుకుంటే హెలికాప్టర్ రావలసి వచ్చింది. పైన వాగుల ఎంత వస్తుందో గంట ముందు తెలిపే కొలత ఉంటే వాళ్లు ఆ పూట అటు పోదురా? కొలత కరువుకే కాదు, ప్రాణానికి కూడ అక్కరకొస్తది.

అసలు కొలత ఎక్కడున్నదో చూడండి. మానేరు మీద కేంద్ర జల సంఘం కొలిచే జాగ సోమన్‌పల్లి. అది ఎక్కడ? లోయర్ మానేరు కింద, మంథని దిక్కు, మానేరు గోదాట్ల కలిసేకాడ. అంటే ఎగువ మానేరు, మిడ్ మానేరు, లోయర్ మానేరు మూడు డ్యాములు ఆపుకున్నంక వదిలిందే అక్కడ కనపడతది. అది నది ప్రవాహమా, గేటు ప్రవాహమా? మన మూలవాగు, మన కోరుట్ల వాగు, పేరు లేని ఎన్నో ఒర్రెలు, వీటి లెక్క రోజు రోజు రాసి జనానికి చూపెట్టేది నా కంటికి ఎక్కడ కనపడలే. ఉంటే తెచ్చి పెట్టండి, దండం పెట్టి పోస్టు సవరిస్త.

ఇగ కరువు ప్రకటించే రూలు పుస్తకం. కేంద్రం 2016ల కొత్తది తెచ్చింది. ముందు వాన చూడాలె: సగటు కంటె ఎంత తక్కువ, వరుసగ మూడు నాలుగు వారాలు బెట్ట ఉన్నదా. తర్వాత పంట ఎంత వేసిండ్రు, శాటిలైట్ల పచ్చదనం ఎంత, నేలల తేమ ఎంత, నీళ్ల వనరులు ఎట్లున్నయి. ఆ నీళ్ల వనరులల్ల డ్యాం నిల్వ, భూగర్భ జలం, వాగు ప్రవాహం మూడున్నయి. చూసిండ్రా, వాగు ప్రవాహం పుస్తకంలనే ఉన్నది! తర్వాత పదిశాతం ఊర్లు తిరిగి పొలాల కాడ చూడాలె. వానాకాలానికి అక్టోబర్ 30, యాసంగికి మార్చి 31 లోపట తేల్చాలె. తీవ్రమైన కరువు అని తేలితేనే ఢిల్లీ పైసలు. 2022 రూలు ప్రకారం నీటి వసతి ఉన్న పంటకు హెక్టారుకు 17 వేలు, అంటే ఎకరానికి ఏడు వేలు కూడ రాకుండె, అది కూడ మూడోవంతు పైన పోతేనే.

కానీ పాత ప్రవాహం రాసి పెట్టి ఉంటేనే కద ఈ యేడు తగ్గింది అని చెప్పేది. మన వాగుకు పాత లెక్క లేదు. లెక్క లేదు కాబట్టి ఆ గడి ఖాళీ. ఆ గడి ఖాళీ ఉంటే డ్యాం నిల్వ చూస్తరు. డ్యాం నిండింది. అయిపాయె! వాగు ఎండినా రుజువు లేదు, నీ వరి ఎండినా రుజువు లేదు. దానికితోడు పంటల బీమా 2020 వానాకాలం నుంచి మన రాష్ట్రంల ఆగింది. కౌలుదారుకైతే పాసుబుక్కే లేదు, వాని పేరు ఎవని లెక్కల ఉంటది?

మా బాపు కాలంల ఊరికి నీరటి ఉండె. చెరువు తూము కాడ మెట్లు లెక్కపెట్టి, ‘ఈసారి ఏడో మెట్టు దాకనే ఉన్నయి, మాగి తరిల సగమే పెట్టాలె’ అని చెప్తుండె. ఊరంత కూసోని ఏ శివారు పండబెట్టాలె అని తీర్మానం చేద్దురు. ఆయన సగటు చూడలే, మెట్టు చూసిండు. అదీగాక మా ఊర్ల ఆడోళ్లకు ఇంకో లెక్క ఉన్నది. సద్దుల బతుకమ్మ నాడు వాగుల బతుకమ్మలు వదిలేకాడ నీళ్లు యాడికున్నయో అమ్మను అడగండి, ఇరువై ఏండ్లది చెప్తది. ‘ఫలాన మనుమడు పుట్టినేడు బండ మునిగె, కరోనా వచ్చినేడు మోకాళ్ల దాకుండె’ అని. అమ్మ నోట్ల ఉన్న ఆ లెక్కను కాగితం మీదికి తెచ్చుడే మన పని.

మొదలు మనమే పెడుదాం. ఖర్చేం లేదు. వాగు మీది వంతెన పిల్లర్ మీదనో, చెక్‌డ్యాం గోడ మీదనో ఎర్ర పెయింటుతోని పది సెంటీమీటర్లకు ఒక గీత కొట్టండి. రోజు పొద్దున ఒక్కరు ఫోటో తీసి తారీఖు రాయాలె. మట్టం ఒక్కటే చాలదు, ఎందుకంటే ఇసుక లారీలు తవ్వుకపోతే అడుగు దిగుతది, నిరుటి గీత, ఈ యేటి గీత ఒక్కటి కాదు. అందుకే నెలకు రెండుసార్లు పారకం కొలవండి. సాఫుగ పారే జాగల ఇరువై మీటర్లు కొలిచి రెండు దిక్కుల కట్టె పాతండి. ఎండిన మక్కబెండు వేసి ఎన్ని సెకన్లల్ల దాటిందో ఫోన్ల చూడండి. వెడల్పు ఆరు మీటర్లు, లోతు సగటున ముప్పై సెంటీమీటర్లు, నలబై సెకన్లు పట్టింది అనుకుందాం. సెకనుకు అర మీటరు. ఆరును పాయింట్ మూడుతోని, మళ్ల అరతోని గుణిస్తే పాయింట్ తొమ్మిది. పైన నీళ్లు జోరుగ పారుతయి, అడుగున మెల్లగ, కాబట్టి దాంట్ల 85 శాతం పట్టాలె. దాన్ని 35.3తోని గుణిస్తే 27 క్యూసెక్కులు. పదో తరగతి పిల్లగాడు చేస్తడు. ఒక్క టీఎంసీ కావాలంటే 11,574 క్యూసెక్కులు దినమంత పారాలె, అది కూడ పిల్లగాండ్లకు చెప్పండి. టీవీల టీఎంసీలు అన్నప్పుడల్ల మన వాగు ఎంతో తెలుస్తది.

బోరు లోతు కూడ నెల నెల రాయండి. ప్రభుత్వ కొలత బోర్లున్నయి, మంచిదే, కానీ కాలువ పక్కది, గుట్ట మీదిది కలిపి జిల్లా సగటు తీస్తే గుట్ట మీదోడు ఎప్పుడూ మునుగుతడు.

ఇగ ప్రభుత్వాన్ని అడిగేది. ఒకటి, మూలవాగు, కోరుట్ల వాగు లెక్క ఉన్న ప్రతి పెద్ద వాగు మీద కొలత పెట్టి, రోజుది రోజు జనానికి చూపెట్టాలె. పొలాసల పరిశోధన స్థానం ఉన్నది, వ్యవసాయ కాలేజీ ఉన్నది, అక్కడి పిల్లలకు ఈ పని ఇస్తే వాళ్లకు చదువు, మనకు లెక్క. ఇంకోటి, డ్యాంల నీళ్లు చెప్పేటప్పుడు వాన, వాగు నుంచి వచ్చినయి ఎన్ని, ఎత్తిపోసినయి ఎన్ని అని విడిగ చెప్పాలె. సగటు పక్కన నాలుగేండ్లల్ల మూడేండ్లు వచ్చేది ఎంతో కూడ రాయాలె. నాలుగు నెలల కుప్ప కాదు, నెల నెల రాయాలె. కరువు చూసేటప్పుడు వాగు ప్రవాహం గడి ఖాళీ పెట్టొద్దు. నాటుకు ముందే, డిసెంబర్లనే, ఏ కాలువ ఏ డిస్ట్రిబ్యూటరీకి ఎన్ని తడులు ఇస్తరో రాసి సంతకం పెట్టి ఇయ్యాలె. ఇయ్యలేకుంటే ఇయ్యలేమని రాయాలె. మేం మక్కనో నువ్వులో వేసుకుంటం. ‘చూద్దాం’ అన్న మాట మీద మేము వరి పెట్టం.

‘ఇవన్ని అయితయా అన్నా, నీకు పని లేదా’ అనేటోళ్లుంటరు. ఆ కౌలు రెండెకరాలు ఈసారి నేను వదిలిపెట్టిన. కాబట్టి కొంచెం పని తక్కువనే ఉన్నది. మా ఊరి వంతెన పిల్లర్ మీద పోయిన ఐతారం గీతలు కొట్టినం, నేను, మా పెద్దోడు, ఇంకో ఇద్దరు. పెయింటు డబ్బ ఇంక సగం మిగిలింది. వాగు కింది ఊర్లోళ్లు ఎవ్వరికన్న కావాలంటే చెప్పండి, బండి మీద తెచ్చిస్త. ఈ పొద్దు మట్టం నాలుగో గీత కింద ఉన్నది, ఫోటో కింద పెట్టిన.